వాగు ఒడ్డున పసుపు రాళ్ళు

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో మా ఇంటి నుంచి ఉత్తరంగా గంటన్నర డ్రైవ్ చేస్తే కొండలు మొదలవుతాయి. ఆ కొండల్లో ఒక వాగు ఉంది. దాని పేరు చెప్పను. చెబితే ఎవరో ఒకరు చూడ్డానికి వెళతారు, వెళ్ళినవాళ్ళు ఊరికే చూసి రారు. మాట కటువుగా ఉందని తెలుసు. కానీ ఈ విషయంలో నాకు మర్యాద ఎప్పుడో అయిపోయింది.

ఆ వాగులో ఒకప్పుడు ట్రౌట్ చేపలుండేవి. ట్రౌట్‌లో చాలా రకాలున్నాయి. గాలం వేసే వాళ్ళ సరదా కోసం తొట్లలో పెంచి, లారీల్లో తెచ్చి వదిలే రకాలు వేరు. నేను చెప్పేది ఎవరూ తెచ్చి వదలని రకం, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినది. జానెడు పొడవు కూడా ఉండదు. ఒంటి మీద ఎర్రచుక్కలు, చుక్క చుట్టూ నీలం అంచు, పొట్ట కింది రెక్కలకు తెల్లటి జరీ గీత. నీళ్ళు చల్లగా ఉంటేనే బతుకుతుంది, రాళ్ళ సందులు శుభ్రంగా ఉంటేనే గుడ్లు పెడుతుంది. వెనకటి రోజుల్లో కలప కోసం ఆ కొండల్ని నున్నగా గీసేశారు. మట్టంతా వాగులోకి దిగి రాళ్ళ సందులు పూడిపోయాయి. తరవాత మొలిచి పెద్దవైన చెట్లకు ఈ మధ్య ఏదో తెల్ల పురుగు పట్టి, నిలువునా ఎండబెట్టేసింది. ఆ ఉన్న నీడ కూడా పోయింది. నేను మొదటిసారి వెళ్ళేసరికి మా వాగులో ఆ చేప ఒక్కటి కూడా లేదు.

మా వాగు అంటున్నాను చూడండి. దానికీ కారణం ఉంది. నేను ఈ దేశానికి డిపెండెంట్ వీసా మీద వచ్చాను. హైదరాబాద్‌లో పదిమంది మీద అజమాయిషీ చేసిన దాన్ని, ఇక్కడికొచ్చి వర్క్ పర్మిట్ లేక ఇంట్లో కూర్చున్నాను. పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, నా బదులు మా ఆయనే "తను హోమ్‌మేకర్" అని నవ్వుతూ చెప్పేసేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. అలాంటి రోజుల్లో లైబ్రరీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. శనివారాలు వాగు బాగు చేయడానికి మనుషులు కావాలట. వెళ్ళాను. వీసా ఏమిటని అక్కడ ఎవరూ అడగలేదు. గ్లవ్స్ ఏ సైజు కావాలని మాత్రం అడిగారు.

ఆ పని గురించి చెప్పమంటే నేను ఆగను, అందుకే క్లుప్తంగా చెబుతాను. చచ్చిన చెట్ల దుంగల్ని తాళ్ళేసి లాగి వాగుకు అడ్డంగా పడేస్తాం. నీళ్ళు దుంగ మీద నుంచి దూకి, కింద గుంట తవ్వుకుంటాయి. ఆ గుంటలో ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. గుంట దాటి నీళ్ళు పలచబడే చోట మట్టి కొట్టుకుపోయి గులకరాళ్ళు తేలతాయి. ఒడ్డు విరిగిపడకుండా కొమ్మలు అల్లి కడతాం, నీడ కోసం మొక్కలు నాటుతాం. ఏళ్ళు పట్టింది. నా నడుము పోయింది, గోళ్ళలో మట్టి శాశ్వతంగా ఉండిపోయింది. చివరికి పై కొండల్లో వేరే వాగు మీదున్న జలపాతం ఎగువన మిగిలిన కాసిన్ని చేపల్లో కొన్నిటిని, వీపు మీద నీళ్ళ సంచుల్లో మోసుకొచ్చి మా గుంటలో వదిలాం. నా సంచిలో చేప కొట్టుకుంటుంటే వెన్నెముకకు తెలుస్తూనే ఉంది.

ఇదంతా నడిపించేది రాష్ట్రం తరఫున చేపల సంగతి చూసే ఒక బయాలజిస్ట్. మా ఆయన అతన్ని "మీ చేపల డాక్టరు" అనేవాడు, నాకూ అదే అలవాటైంది. పొడవాటి మనిషి, మాటలు తక్కువ. ఆడచేప తోకతో గులకరాళ్ళను తిరగేసి పళ్ళెమంత గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళు కప్పేస్తుందని అతనే చెప్పాడు. దాన్ని మనం గూడు అనుకుందాం. చుట్టూ రాళ్ళకు పాచి పట్టి ఉంటుంది, గూడు ఉన్న చోట మాత్రం ఇప్పుడే కడిగినట్టు తెల్లగా కనిపిస్తుంది. చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ళ కిందే ఉంటాయి. మరో వాగులో వరదకు పాడైపోయిన పాత గూటి మీద నన్ను ఒకసారి నిలబెట్టాడు. మామూలు వాగు నేల కాలికి గట్టిగా తగులుతుంది. గూడు అలా కాదు. మరమరాల బస్తా మీద అడుగు వేసినట్టు కాలు కసుక్కున కుంగుతుంది.

"ఇది కాలికి తెలిసిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు," అన్నాడు అతను. నేను తల ఊపాను.

చేపల్ని వదిలాక మొదటి ఆకురాలు కాలం వచ్చింది. గూడు లేదు. రెండోది వచ్చింది. లేదు. మా శనివారం గుంపులో మనుషులు తగ్గిపోయారు. ఈసారి కూడా పెట్టకపోతే వాగు ఇంకా సిద్ధం కాలేదని వదిలేసి, అధికారులు వేరే వాగు చూసుకుంటారని చేపల డాక్టరు చెప్పాడు. చాలా మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం ఆ వాగు పోతే ఈ దేశంలో నేను చేసిన పని అంటూ ఇంకేదీ మిగలదు.

ఇక్కడ అక్క గురించి చెప్పాలి. సొంత అక్క కాదు. మా సబ్‌డివిజన్‌లో, అంటే కాలనీలో, నాలుగిళ్ళ అవతల ఉంటుంది, వరంగల్ వైపు మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. బతుకమ్మ దగ్గర్నుంచి సీమంతాల దాకా మా చుట్టుపక్కల ఏ శుభకార్యమైనా ఆమె చెయ్యి పడాల్సిందే. ఏటా కార్తీక వనభోజనాలు పెట్టేది ఆమే. వనభోజనానికి ఉసిరిచెట్టు కావాలి కదా, జార్జియా చలికి ఉసిరి బతకదు. అందుకని పెద్ద కుండీలో పెంచి, చలికాలం గరాజ్‌లో పెట్టి, కార్తీకంలో మినీవ్యాన్ ఎక్కించి పార్కుకు తెస్తుంది. దాని చుట్టూ పంచె కట్టిన పంతులుగారు, పట్టుచీరలూ స్నీకర్సూ వేసుకున్న మేము. చూసే అమెరికన్లకు మేం కుండీకి పుట్టినరోజు చేస్తున్నట్టు ఉంటుంది.

ఆ వేసవిలో ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఏం చెల్లె, ఎప్పుడు జూసినా నా వాగు నా వాగు అంటవు గదా. గా కౌంటీ పార్క్‌ల పార్కింగే దొరుకుతలేదు. ఈసారి నీ వాగు కాడ్నే పెడదాం. ఆడ కూసుండి తినేతందుకు షెల్టర్ ఉందంట, బుక్ చేయమని మీ బావకు చెప్పిన."

నిజం చెప్పనా, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతకుముందు ఒకసారి ఎవరి పాప బర్త్‌డేలోనో నేను ఈ చేపల గురించి ఉత్సాహంగా చెబుతుంటే, ఒకాయన సమోసా నములుతూ "పులుసుకి బాగుంటాయా అండీ?" అని అడిగాడు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చి ఏడ్చాను. అప్పట్నుంచి మనవాళ్ళ దగ్గర ఆ ఊసే ఎత్తడం మానేశాను. అలాంటిది అక్క తనంతట తాను నా వాగు దగ్గరికి వస్తానంటోంది. రెండేళ్ళూ గూడు పడలేదు కాబట్టి ఆ ఆశ కూడా అప్పటికి నాకు పెద్దగా లేదు. రమ్మన్నాను.

కార్తీకం ప్రవేశించింది. ఒక శనివారం పొద్దున ఒంటరిగా ఒడ్డున నడుస్తున్నాను. దుంగ కింది గుంట దాటాక, నీళ్ళు పలచబడే చోట, రాళ్ళు తెల్లగా ఉన్నాయి. మొదట ఎండ అనుకున్నాను. చెట్ల నీడ పడినా తెల్లగానే ఉన్నాయి. మూడు చోట్ల. ఒకదాని మీద ఆడచేప ఇంకా అక్కడే ఉంది, తోక అంచు అరిగి తెల్లబడి, ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉంది. నేను ఒడ్డున కూలబడిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ప్యాంటు తడిసిపోయిందని లేచాకే తెలిసింది.

అప్పుడు తల తిప్పి వెనక్కి చూశాను. పిక్నిక్ షెల్టర్ నుంచి కాలిబాట సరిగ్గా అక్కడికే దిగుతుంది. పిల్లలు, ముసలివాళ్ళు తేలిగ్గా నీళ్ళలోకి దిగే చోటు అదొక్కటే, మిగతా అంతా పొదలు. వనభోజనాలు రేపు కాక పై ఆదివారం. భోజనాలయ్యాక ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగి, అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. కార్తీకంలో మనవాళ్ళకు పారే నీళ్ళు కనిపిస్తే కాలు ఆగదు. ఈ చేప గుడ్లు పెట్టే నెలా, మనం నీళ్ళలో దీపాలు పెట్టే నెలా ఒకటే అని ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలియక చుట్టూ తిప్పాను.

"అక్కా, ఇంకా దగ్గర్లో వేరే పార్క్ ఏదైనా చూద్దామా? అంత దూరం పెద్దవాళ్ళకి కష్టం కదా."

"అందరికి మెసేజ్ పెట్టిన చెల్లె. పంతులు గూడ ఒప్పుకున్నడు. ఇగ మార్చుడంటే ఎట్ల?"

"నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి అక్కా. పొద్దున చెయ్యి పెడితే కొంకర్లు పోయింది. పిల్లలకి జలుబు చేస్తుందేమో."

"కార్తీకంల నీళ్ళు చల్లగ గాక ఉడుకుడుకుగ ఉంటయా? నువ్వేం టెన్షన్ తీసుకోకు. పులిహోర నీది, యాది పెట్టుకో."

గుడ్ల మాట నాలుక చివరిదాకా వచ్చింది. పులుసు జోకు గుర్తొచ్చింది. పండగపూట, పంతులుగారితో సహా అందరూ తయారయ్యాక, చేపగుడ్ల కోసం మానుకోండి అని ఎలా చెప్పను? అక్క నవ్వదేమో, కానీ గ్రూపులో పడిందంటే మిగతావాళ్ళు నన్ను బతకనివ్వరు. పోనీ చేపల డాక్టరుకు చెబితే? అతను తాడు కట్టిస్తాడు, యూనిఫాంలో ఒక మనిషిని నిలబెడతాడు. పట్టుచీరల్లో ఉన్న మా వాళ్ళను, పిల్లల ముందు, అత్తగార్ల ముందు, ఆ మనిషి చెయ్యి ఊపి వెనక్కి పొమ్మంటాడు. మింగలేను, కక్కలేను. ఆ వారమంతా అన్నం సయించలేదు. మా ఆయన ఏమైందని అడిగితే ఏం లేదన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం కిటికీలోంచి పెరట్లోకి చూస్తుంటే ఉపాయం తట్టింది. మా ఇల్లు కట్టక ముందు ఆ స్థలంలో భూమిపూజ చేయించాం. అప్పుడు పసుపు రాసి బొట్టు పెట్టిన ఇటుక ఒకటి ఇప్పటికీ పెరట్లో ఒక మూల ఉంది. మా ఆయనకు దేవుడంటే నమ్మకం లేదు, నన్ను ఏడిపిస్తుంటాడు కూడా. కానీ గడ్డి కోసేటప్పుడు ఆ ఇటుక దగ్గరికొచ్చేసరికి మోవర్‌ను అర్ధచంద్రంలా తిప్పుతాడు. పసుపు, బొట్టు ఉన్నదాన్ని మనవాళ్ళు తొక్కరు, దాటరు. చదువుకున్నవాడైనా సరే, నమ్మకం లేనివాడైనా సరే, కాలు దానంతట అదే పక్కకు జరుగుతుంది.

ఆదివారం అందరికంటే ముందు వెళ్ళాను. కాలిబాట నీళ్ళను తాకే చోట గుండ్రటి రాళ్ళు వరసగా పేర్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. ఆ వరసకు అవతలే మూడు గూళ్ళు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎవరినీ నొప్పించక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. రాళ్ళే చూసుకుంటాయి.

మధ్యాహ్నానికి షెల్టర్ నిండిపోయింది. ఉసిరి కుండీ వచ్చింది, పూజ అయింది, విస్తళ్ళు పరిచారు. నేను పులిహోర గరిటె పట్టుకుని వడ్డన వరసలో ఇరుక్కుపోయాను. ఒక కన్ను వాగు వైపే ఉంది. పిల్లలు ఒకరిద్దరు బాట దిగి, రాళ్ళు చూసి, తల్లుల్ని అడగడానికి వెనక్కొచ్చారు. పనిచేస్తోంది అనుకుని ఆ కన్నును కూడా పులిహోర మీదికి తిప్పాను.

మళ్ళీ తలెత్తేసరికి అక్కడ అగరొత్తుల పొగ కనిపించింది.

పసుపు రాళ్ళు చూసి మనవాళ్ళు ఆగుతారని లెక్క వేశాను. ఆగి ఏం చేస్తారన్నది మాత్రం ఆలోచించలేదు. పసుపూ కుంకుమా పెట్టిన రాళ్ళు, పక్కన పారే నీళ్ళు, కార్తీక మాసం. అక్కడ గంగమ్మ ఉందని తెలియడానికి ఇంకేం కావాలి? కొబ్బరికాయ కొట్టారు. రాళ్ళ మీద పాలు పోశారు. గంగమ్మకు నేరుగా దీపాలు ఇద్దామని, చెప్పులూ బూట్లూ విడిచి, రాళ్ళను భక్తిగా తప్పుకుని, పక్కనుంచి నీళ్ళలోకి దిగారు. చేతిలో దీపంతో అందరికంటే ముందు అక్క ఉంది. తెల్లటి రాళ్ళు చూసి, ఇక్కడ నేల శుభ్రంగా ఉంది రండి అని మిగతావాళ్ళను పిలుస్తోంది.

గరిటె ఎక్కడ పడేశానో తెలియదు. పరిగెత్తాను. జుట్టు క్లిప్ ఊడి ఎక్కడో పడింది. పట్టుచీర, స్నీకర్స్‌తోనే నీళ్ళలోకి దూకి, వాళ్ళకూ దుంగ దగ్గరున్న మూడో గూటికీ మధ్య నిలబడి చేతులు బార్లా చాపాను. మొదటి రెండు గూళ్ళ మీద అప్పటికే మనుషులున్నారు. మోకాళ్ళ దాకా తడిసి, ఆ చలికి ఒళ్ళంతా వణకడం మొదలైంది. పళ్ళు కరుచుకుపోయాయి, గొంతు పెగల్లేదు. వాళ్ళ కాళ్ళ కిందకు చూస్తున్నాను, నా కళ్ళు ఎలా ఉన్నాయో నాకేం తెలుసు.

వాళ్ళు నన్ను చూశారు. జుట్టు విరబోసుకుని, బొట్టు పెట్టిన రాళ్ళ ముందు, నీళ్ళలో, ఊగిపోతూ నిలబడ్డ ఆడదాన్ని చూశారు. వెనకెక్కడో ఒక పాప "వాట్ హ్యాపెండ్ టు ఆంటీ?" అంది. కరీంనగర్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ చేతులు జోడించింది.

"అమ్మోరు," అంది నెమ్మదిగా. "అమ్మోరొచ్చింది."

కొందరు కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు. కొందరు నవ్వు ఆపుకున్నారు. ఆ పెద్దావిడను చూసి మిగతా అత్తగార్లు, వాళ్ళను చూసి కోడళ్ళు, ఒక్కొక్కరూ చేతులు జోడించారు. అక్క కళ్ళనిండా నీళ్ళతో నా ముందుకు వచ్చింది.

"ఏం గావాలె తల్లీ నీకు? ఏం తప్పు జేసినమో చెప్పు."

నేను అమ్మవారిని కానని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఇన్నేళ్ళలో నా మాట వినడానికి మనవాళ్ళు అలా నిశ్శబ్దంగా నిలబడటం అదే మొదటిసారి. బిగుసుకుపోయిన దవడ మధ్య నుంచి ఎలాగో మాట బయటికి తోశాను. అది నా గొంతులా లేదు.

"వెనక్కి వెళ్ళండి. ఈ నీళ్ళలో ఎవరూ కాలు పెట్టొద్దు."

వెళ్ళారు. మారు మాట్లాడకుండా, వీపు చూపించకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ ఒడ్డెక్కారు. ఆ పెద్దావిడ మాత్రం వెళ్ళలేదు. ముందుకొచ్చి, నడుము వంచి, నీళ్ళలో ఉన్న నా పాదాలు అందుకోబోయింది. మా అమ్మకంటే పెద్దది. అంతటి మనిషి నా కాళ్ళు తాకబోతే నేనెలా ఊరుకుంటాను? ఆలోచించేలోపే ఒళ్ళు దానంతట అదే ఒక అడుగు వెనక్కి జరిగింది.

మడమ కసుక్కున కుంగింది.

అదేమిటో నా కాలికి తెలుసు. కదిలితే ఇంకా పాడవుతుందని కదలలేదు. కదలకపోయినా ఒకటే. అలాగే నిలబడి ఏడ్చాను. అమ్మవారు శాంతించిందని ఒడ్డున ఎవరో హారతి పాట ఎత్తుకున్నారు. అక్క వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, నుదుట కుంకుమ పెట్టి, భుజాల చుట్టూ శాలువా కప్పింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో మా ఆయన హీటర్ పెంచి, "నిజంగానేనా?" అని అడిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

చలికాలమంతా నరకం అనుభవించాను. గుడ్లన్నీ పోవు, కొన్నైనా మిగులుతాయి, రాళ్ళ అడుగున ఉన్నవి బతుకుతాయి అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ప్రతి శనివారం వెళ్ళి ఒడ్డున నిలబడేదాన్ని. చూడ్డానికి ఏమీ ఉండదు. రాళ్ళ మీద మళ్ళీ పాచి పడుతోంది, అంతే. చేపల డాక్టరు ఒకసారి పసుపు మరకలు, కొబ్బరి చిప్పలు చూసి, ఎవరో వచ్చి వెళ్ళారన్నాడు. అవునన్నాను. ఎవరని అతను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

చలి తగ్గాక చేపపిల్లలు రాళ్ళ కింది నుంచి పైకి రావాలి. వేలి గోరంత ఉంటాయి, ఒడ్డు పక్కన నిలవ నీళ్ళలో గుంపులుగా ఆడతాయి. నేనూ చేపల డాక్టరూ రెండు ఒడ్డుల వెంటా, నీళ్ళు ఆగిన ప్రతి చోటా వంగి చూశాం. వారం ఆగి మళ్ళీ చూశాం. ఆ తరవాత మళ్ళీ. ఆకులున్నాయి, పురుగులున్నాయి. పిల్ల ఒక్కటీ లేదు. చేపల డాక్టరు టోపీ తీసి జుట్టు సవరించుకుని, మిగిలిన చేపల్ని వేసవి రాకముందే మళ్ళీ ఆ జలపాతం పైకి తీసుకుపోదామని చెప్పాడు. నేను సంచి మోయడానికి వస్తానన్నాను.

ఆ తరవాతి శనివారం అక్క నాతో వాగు దగ్గరికి వస్తానంది. చేతిలో పసుపు గుడ్డ, కుంకుమ భరిణె. కారు దిగగానే చెప్పులు విడిచింది. బాట పొడుగునా ఒకటే ఉత్సాహం.

"అందరు గా ముచ్చటే చెల్లె. ఆల్ఫారెట్టా ఊరోళ్ళు గూడ వస్తమంటున్నరు. అమ్మోరు నిలబడ్డ జాగ గదా, పర్మిషన్ దొరికితే ఈడ చిన్న గద్దె కట్టిద్దాం. ఏడాదికోసారి ఈడ్నే పూజ."

పసుపు రాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి, వానలకు వెలిసిపోయి. అక్క వాటి ముందు మోకరిల్లి భరిణె మూత తీసింది. ఆ చెయ్యి రాయిని తాకేలోపు నేను ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. గూళ్ళ గురించి, గుడ్ల గురించి, ఆ రాళ్ళు పెట్టింది నేనేనని, ఆ రోజు నాకు ఏ అమ్మవారూ పూనలేదని, చలికి వణికానని. చివరి గూడు నా మడమ కిందే పోయిందని. వాగు ఇక ఖాళీ అని. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖంలోకి కాకుండా నీళ్ళలోకే చూసింది.

కోపం వస్తుందనుకున్నాను. నన్ను మోసం చేశావంటుందనుకున్నాను. దేనికైనా సిద్ధపడే ఉన్నాను. ఆమె భరిణె మూత పెట్టి, పసుపు గుడ్డను మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను నిలబడ్డ కాడ గూడ గుడ్లు ఉండెనా?" అని అడిగింది.

"ఉన్నాయి అక్కా."

అక్క కాళ్ళు వెనక్కి లాక్కుని, చీర అంచు కింద కప్పుకుంది.

"మరి నాకెందుకు చెప్పలే చెల్లె? చెప్తె ఇంకోకాడ పెట్టుకునేటోళ్ళం గదా," అంది. "అమ్మోరు చెప్తెనే ఇంటమా? నువ్వు చెప్తె ఇనకపోదుమా?"